గంగాధర్ పాట సినిమాకెక్కింది

గుంతకల్లులో గంగాధర్ అంటే ఎవరికీ తెలియదు. గిటారు గంగాధర్ అంటే రిక్షావాడు కూడా ఇల్లు చూపిస్తాడు. లోకోషెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన కుర్రతనంలో రైల్వే కాలనీలో డెరిక్ అనే ఆంగ్లో ఇండియన్ గార్డు ఉండేవాడు. అందరూ దొర అనేవారు. డ్యూటీ లేని సాయంత్రాలు వరండాలో కూర్చుని ఇంగ్లీషు రాక్ పాటలు వాయించేవాడు. గంగాధర్ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని గిటారు నేర్చుకున్నాడు. దొర ఊరు వదిలి పోతూ తన గిటారు గంగాధర్‌కే ఇచ్చిపోయాడు. దానికి పట్టీ తెగిపోతే గంగాధర్ గోనెతాడు కట్టుకున్నాడు.

ఇంగ్లీషు మాటలు పల్లెల్లో ఎవరికీ అర్థం కావు. అందుకని ఆ బాణీలకు ఆయన మన మాటలు కట్టాడు. కుళ్ళాయప్ప అని తన ఈడువాడే ఒక స్నేహితుడు డ్రమ్ములు వాయించేవాడు. ఇద్దరూ జాతరల్లో, కాలేజీ పండుగల్లో పాడేవారు. కొందరు ఈలలు వేసేవారు, కొందరు ఈ గోల ఆపి భజన పెట్టమనేవారు. ప్రతిసారీ పాటకు ముందు గంగాధర్ మైకు పట్టుకుని, "బాణీ ఇంగ్లీషోళ్ళది. నేర్పినోడు డెరిక్ దొర. మాటలు నావి" అని చెప్పేవాడు.

వాటిలో ఒకటి వాన పాట. వరుసగా కరువులు పడ్డ కాలంలో, వాళ్ళ నాయన కాయపట్టని వేరుశనగ చెట్లు పీకి ఎద్దులకు వేస్తుంటే చూసి కట్టింది. "యాడికి పోయినావే, మా చేను మర్సిపోయినావే" అని వానను నిలదీసే పాట. నాయన దాన్ని విని బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఆ తర్వాత జాతరకు మాత్రం పొద్దు ఉండగానే వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు.

రెండేళ్ళ కిందట హైదరాబాదు నుంచి సినిమావాళ్ళు వచ్చారు. పాత రాక్ పాటలన్నీ గుచ్చి ఒక కథ అల్లుతున్నామన్నారు. బాణీలకు అనుమతి తెచ్చుకున్నామని, సీమ మాటలు కావాలని చెప్పారు. వారం రోజులు గంగాధర్ ఇంట్లోనే కూర్చున్నారు. భార్య సునంద వాళ్ళకు ఉగ్గాని, బజ్జీ చేసిపెట్టింది. ఆయన గుర్తున్న పాటలన్నీ పాడితే ఫోన్లలో ఎక్కించుకున్నారు. పోయేటప్పుడు ఆయన కాళ్ళకు మొక్కారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

సినిమా వచ్చిన రోజు గంగాధర్, సునంద, కుళ్ళాయప్ప కలిసి మ్యాట్నీకి వెళ్ళారు. తెర మీద మన స్టేషన్ కనబడగానే హాలంతా కేకలు. మొదటి అరగంటలో ఒక ముసలి గిటారువాడు వచ్చాడు. గిటారుకు గోనెతాడు. తప్పతాగి ప్లాట్‌ఫారం మీద పడిపోతుంటే కుక్క వచ్చి మూతి నాకింది. జనం పడీపడీ నవ్వారు. గంగాధర్ జన్మలో మందు ముట్టినవాడు కాదు.

సగం సినిమా అయ్యాక వాన పాట వచ్చింది. చిరుగుల జీన్స్ వేసుకున్న హీరో, అలిగిపోయిన హీరోయిన్ వెంటపడి, "యాడికి పోయినావే, నా మనసు మర్సిపోయినావే" అని పాడాడు. చేను పోయి మనసు వచ్చింది. అంతే మార్పు. గొంతు మాత్రం బాగుంది. వయొలిన్లు, కోరస్సు కలిసి పాట ఎక్కడికో లేచింది. ఇంత బాగా తానెప్పుడూ పాడలేదని గంగాధర్‌కు తెలిసింది. పక్కన సునంద కళ్ళు తుడుచుకుంటోంది. పెళ్ళయినప్పటి నుంచి ఆ పాట వింటున్న మనిషి ఒక్కసారీ కన్నీళ్ళు పెట్టలేదు.

చివర్లో పేర్లు పడ్డాయి. లైట్లు వెలిగేదాకా ఆయన లేవలేదు. ఆయన పేరు లేదు.

ఊరు రెండుగా చీలింది. కాలేజీ పిల్లలు నాలుగోసారి, ఐదోసారి చూశారు. మన మాట తెరమీద ఇంత గట్టిగా ఎప్పుడు వినబడిందని వాళ్ళ వాదన. పెద్దవాళ్ళు, మనల్ని తాగుబోతుల్ని చేసినారని తిట్టారు. ఇంగ్లీషు పాటలు తెలిసినవాళ్ళు బాణీలను ఖూనీ చేశారన్నారు. స్టేషన్ ముందర టీ కొట్టులో రోజూ ఇదే గొడవ. అక్కడే కుళ్ళాయప్ప నలుగురి ముందర, "సినిమా బాగుండాది" అన్నాడు.

"బాగుండాదా? నన్ను కుక్కతో నాకించినారు గదరా!" అన్నాడు గంగాధర్.

"అది నువ్వని ఎవురు చెప్పినారప్పా? తాడొకటి కనపడితే నువ్వేనా?"

"పాట?"

"పాట నీదా? బాణీ మనం తీసుకోలేదా ఇంగ్లీషోళ్ళ దగ్గర? వాళ్ళేమన్నా అడిగినారా మనల్ని?"

"నేను చెప్పుకుని పాడినా. ప్రతిసారీ దొర పేరు చెప్పినా. నా పేరు చెప్పేదానికి వీళ్ళకేమి నొప్పి?"

కుళ్ళాయప్ప టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ముప్పై ఏండ్లు నీ ఎనక కూసోని కొట్టినా. ఏ రోజన్నా నా పేరు చెప్పినావా మైకులో? దొర పేరు చెప్పినావు, నీ పేరు చెప్పినావు. డ్రమ్ములు దయ్యం కొట్టిందా?"

గంగాధర్ బల్ల మీంచి లేచాడు. చెప్పులు వేసుకుని వచ్చేశాడు. ఇంట్లో సునందతో జరిగింది చెప్పి, "నీకూ నచ్చింది గదా ఆ పాట?" అని అడిగాడు.

"నచ్చింది. అబద్ధం చెప్పమంటావా?" అంది ఆమె. "నాకోసం ఎవురన్నా అట్ల పాడింటే బాగుండు అనిపించింది. నువ్వు ఎప్పుడూ వానకే పాడితివి."

ఆ మాట ఆయనను సినిమాకన్నా ఎక్కువ కోసింది.

వేసవిలో కుళ్ళాయప్ప మనవరాలి పెళ్ళి. సునంద బలవంతం మీద గంగాధర్ వెళ్ళాడు. ఆర్కెస్ట్రావాళ్ళు పాడుతుంటే ఎవరో చూసి ఆయన్ని స్టేజీ ఎక్కించారు. కుళ్ళాయప్ప డ్రమ్ముల దగ్గర కూర్చున్నాడు. గంగాధర్ వాన పాటను తన మాటలతోనే మొదలుపెట్టాడు. చేను అన్నాడో లేదో కింద నుంచి కేకలు. "తాతా, తప్పు పాడతాండావు! చేను కాదు, మనసు!" జనం గొల్లుమన్నారు.

గంగాధర్ ఆగి వెనక్కి చూశాడు. కుళ్ళాయప్ప తల వంచుకుని మెల్లగా, "పెండ్లి కదప్పా. సినిమాదే పాడు" అన్నాడు.

గంగాధర్ సినిమా మాటలతోనే పాడాడు. ఎక్కడా తప్పు పోలేదు. పెళ్ళికూతురు మేనమామ వచ్చి, "అచ్చం సినిమాలో మాదిరే పాడినావన్నా" అని భుజం తట్టాడు.

ఆ తర్వాత ఆయన ఎక్కడా పాడలేదు. కుళ్ళాయప్ప బజారులో ఎదురైతే ఇద్దరూ నిలబడి మోకాళ్ళ నొప్పుల గురించి, రైళ్ళ గురించి మాట్లాడుకుంటారు. కలిసి టీ తాగడానికి మాత్రం పోరు.