చలిలో సర్దిన ఇంజన్

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. నా విషయంలో ఆ లెక్క తప్పు. బెర్నిస్ నా మీద మొగుడి కంటే ఎక్కువే పెత్తనం చేసింది. పొయ్యిలో కట్టె ఎలా పేర్చాలో, నిసు అనే తీపి రొట్టె పిండిలోకి ఏలకులు ఎంత మెత్తగా దంచాలో, ఎల్మర్ గురక పెడితే ఏ పక్కకి తిప్పాలో అన్నీ ఆమె చెప్పాల్సిందే. అడగకపోయినా చెప్పేది.

ఎల్మర్ నా భర్త, బెర్నిస్ అతని అక్క. మా వీధికి అవతలి పక్క ఉంటుంది. రిటైరయ్యేదాకా స్కూలు బస్సు నడిపింది. సరస్సు మీది నుంచి మంచు విరుచుకుపడిన రోజుల్లో కూడా పిల్లల్ని దించి, కాఫీ తాగి, ఏమీ జరగనట్టు ఇంటికి వచ్చేది. తర్వాత షెడ్డులో ఊరందరి స్నోబ్లోయర్లూ, అంటే మంచుని మింగి పక్కకి విసిరే యంత్రాలు, బాగుచేయడం మొదలుపెట్టింది. ఎవరైనా యంత్రం దించి జబ్బేమిటో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టేది. "నువ్వాగు. దాన్నే చెప్పనీ." ట్యాంకు మూత తీసి ఒక్కసారి వాసన చూసి, "పోయిన వసంతం పెట్రోలు. సిగ్గుందా నీకు?" అనేది. ఆ గొప్పలు వింటుంటే నాకు ఒళ్ళు మండేది. అయినా ఆమె చెయ్యి పడిన ఇంజన్ మళ్ళీ మొరాయించినట్టు నేనెప్పుడూ వినలేదు.

ఎల్మర్‌కి మూత్రపిండాలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు ఊళ్ళో ఆసుపత్రికి వెళ్ళి రక్తం శుద్ధి చేయించుకోవాలి. ఆ జనవరి శుక్రవారం తుఫానుకి దారులన్నీ మూసుకుపోయి వెళ్ళలేకపోయాడు. శనివారం కాళ్ళు వాచాయి. ఆదివారం పొద్దున పడుకుంటే ఊపిరాడడం లేదని కుర్చీలోనే కూర్చున్నాడు. అప్పుడు ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేశారు. తప్పిపోయిన వాళ్ళ కోసం ప్రత్యేకంగా తెరుస్తున్నామనీ, ఒంటిగంటకి వ్యాను పంపిస్తామనీ, చక్రాల కుర్చీ పోయేంత దారి మాత్రం మెట్ల దాకా మేమే తీసి ఉంచాలనీ చెప్పారు.

దారా? నడుం లోతు మంచు. దానికి తోడు రోడ్డు ఊడ్చే బండి ఆ మంచుతోనే మా వాకిలికి అడ్డంగా గోడ కట్టి పోయింది. నాకు భుజం పనిచేయదు, పార పట్టలేను. మా స్నోబ్లోయరు తాడు ఎన్నిసార్లు లాగినా దగ్గి ఊరుకుంది. బెర్నిస్‌కి ఫోన్ చేస్తే ఆమె యంత్రానికి బెల్టు తెగిందట. మంచులో దిగబడని వెడల్పాటి చెప్పులు కట్టుకుని, సామాన్ల సంచీ వీపున వేసుకుని, ఆ గోడ ఎక్కి దిగి వచ్చింది.

రాగానే మూత తీసి వాసన చూసింది. "ఒరేయ్ ఎల్మర్, ఎండాకాలం ట్యాంకు ఖాళీ చేయలేదు కదూ?"

"ఖాళీ చేస్తే మళ్ళీ మంచు పడుతుందక్కా" అన్నాడు ఎల్మర్ కుర్చీలోంచి.

మా వైపు మగాళ్ళందరికీ ఉన్న పిచ్చే ఇది. ట్యాంకు ఖాళీ చేసి యంత్రాన్ని మూలన పెట్టిన మర్నాడే మంచు కురుస్తుందని నమ్మకం. మే నెల దాకా ఉంచుతారు, తర్వాత మరిచిపోతారు.

"జూలైలో కూడా పడుతుందనుకున్నావా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అంటూ యంత్రాన్ని మేం ఆవిరి స్నానం చేసే సౌనా గదిలోకి ఈడ్పించింది. పొద్దున నేను వేసిన నిప్పు ఆరిపోయింది కానీ రాళ్ళ వేడికి గది ఇంకా వెచ్చగా ఉంది. తలుపు బార్లా తీయించి, ట్యాంకులోది డబ్బాలోకి వంపేసి, కార్బొరేటరు ఊడదీసింది. అడుగు గిన్నెలో ఆకుపచ్చగా జిగురు పేరుకుని ఉంది. పెట్రోలు చిమ్మే జెట్టు రంధ్రం పూర్తిగా పూడిపోయింది. కరెంటు తీగలోంచి సన్నటి రాగి పోగు పీకి అందులో దూర్చి మెల్లగా ఆడించింది.

"ఇనప సూది పెట్టావంటే రంధ్రం పెద్దదైపోతుంది సిల్వియా, ఎప్పుడూ పెట్టకు" అంది.

"నేనెందుకు పెడతాను వదినా, అసలు నేను దాన్ని ముట్టుకుంటేగా."

"నేర్చుకుంటే అరిగిపోవులే."

జెట్టుని వెలుతురుకి పట్టి చూసి, అన్నీ మందు కొట్టి కడిగి బిగించింది. పెట్రోలు పాలు సర్దే స్క్రూని మెత్తగా ఆనేదాకా తిప్పి, ఒక చుట్టు వెనక్కి వదిలింది. కొత్త పెట్రోలులో నూనె కలిపి పోసి తాడు లాగితే రెండో లాగుకే పలికింది. స్క్రూ అటూ ఇటూ సర్ది గొంతు నున్నగా చేసింది. "చూశావా? పాట పాడుతోంది" అంది నా వైపు తిరిగి. నిజం చెప్పొద్దూ, ఆమె గొప్పలు ఆ పూట నాకు అమృతంలా ఉన్నాయి.

మంచులోకి తీసుకెళ్ళాం. రెండడుగులు తిన్నదో లేదో, గొంతు సన్నగా పైకి లేచి, ఠక్కున ఆగిపోయింది. మళ్ళీ లాగింది. మళ్ళీ అంతే. పన్నెండు దాటింది.

బెర్నిస్ యంత్రం వైపు చూస్తూ నిలబడి, "నేనొక గాడిదని" అంది. "వెచ్చటి గదిలో సర్దాను. బయట గాలి చిక్కన, ఎక్కువ పెట్రోలు అడుగుతుంది. దీనికి నూనె కూడా ఆ పెట్రోలులోనే కదా. ఇలాగే నడిపితే నూనె చాలక పిస్టను పట్టేస్తుంది. ఇక్కడే, మంచు తింటుండగానే స్క్రూ వదులుతూ సర్దాలి. పట్టు."

"నేనా?"

"మీ ఆయన లేచి వస్తాడా? పట్టు."

నేను పిడి పట్టాను. ఆమె చేతి తొడుగులు తీసేసి, పక్కన మోకాళ్ళ మీద దేకుతూ స్క్రూడ్రైవరు ఆనించింది. ఆ చలికి గడ్డం మీద ఊపిరి గడ్డ కడుతోంది. యంత్రం కదిలి, కీచుమంది. ఆమె స్క్రూని ఒక వెంట్రుకవాసి వదిలింది. ఇంకా కీచే.

కిటికీ తెరుచుకుంది. కుర్చీని అక్కడిదాకా జరుపుకుని ఎల్మర్ ఆయాసపడుతూ అరిచాడు. "ఇంకా సన్నగానే ఉందక్కా. ఇంకొంచెం వదులు."

"కిటికీ మూసుకో, నాకు చెవులున్నాయి" అంటూనే ఇంకొంచెం వదిలింది. గొంతు దిగింది. యంత్రం బొంగురుగా, బరువుగా, మంచుని పట్టుకుని విసిరికొట్టడం మొదలుపెట్టింది. ఇక ఆగలేదు. రోడ్డు బండి కట్టిన గోడ దగ్గర మాత్రం ఆమె పార తీసుకుని గడ్డలు పగలగొట్టింది, నేను యంత్రంతో తినిపించాను. నా భుజం సంగతి నాకే గుర్తులేదు. చివరి గడ్డ తీసి మెట్ల దగ్గరికి వచ్చేసరికి వ్యాను మలుపు తిరిగింది.

వ్యాను వాళ్ళు ఎల్మర్‌ని చక్రాల కుర్చీతో సహా మెట్లు దించి, తీసిన దారి వెంట తోసుకొచ్చారు. నడుస్తున్న యంత్రం పక్కకి రాగానే చెయ్యెత్తి ఆపమన్నాడు. "పొగ ఎక్కువ వస్తోందక్కా. ఒక పిసరు ఎక్కువ వదిలావు."

"కావాలనే వదిలాను. సాయంత్రం వచ్చి నువ్వే సర్దుకో. స్క్రూడ్రైవరు ఇక్కడే పెట్టి వెళ్తాను."

"సరే" అన్నాడు ఎల్మర్.

వ్యాను తలుపు పడింది. మలుపు దాటి పోయింది. బెర్నిస్ ఇంజన్ ఆపి, తెల్లగా పాలిపోయిన చేతివేళ్ళని చంకల్లో దాచుకుని రోడ్డు వైపే చూస్తూ నిలబడింది.

"సరే అన్నాడు కదూ, సిల్వియా? వస్తాడు కదూ?"

ఇన్నేళ్ళలో ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. నాకూ తెలియదు. అయినా ఆమె చేతులు లాగి నా కోటు లోపల పెట్టుకుని, "వస్తాడు వదినా" అన్నాను.