కారుకు కట్టిన దోమతెర

మా చిన్నప్పుడు... దసరాకు ముందు ఒక సోమవారం. పొద్దున కళ్లు తెరవగానే మొదటి ఆశ్చర్యం... మా మంచం మీది దోమతెర మాయం! ఒళ్లంతా దద్దుర్లు. గోక్కుంటూ బయటికొస్తే, తెర వాకిట్లో నాలుగు వెదురు కర్రలకు కట్టి ఉంది. దాని కింద పెద్దనాయిన కారు హాయిగా పడుకుంది.

"కారుకేమో దోమతెర... పిల్లలకేమో దోమలు! మంచిగనే ఉంది సంసారం," అంటూ అమ్మ నేలను కొడుతున్నట్టే ఊడుస్తోంది.

ఇదంతా శనివారం మొదలైంది. చెల్లి పుట్టువెంట్రుకలు తీయించడానికి నాయిన వాళ్లన్న కారు అడిగి తెచ్చాడు. పొలం గట్టు పంచాయితీతో రెండేళ్లు మాటల్లేని అన్నదమ్ములు... ఆ మధ్యే మళ్లీ పలకరించుకుంటున్నారు. "జెర పైలం," అని తాళంచెవి చేతిలో పెట్టాడు పెద్దనాయిన.

తిరిగొస్తుంటే జిన్నారం దారిలో చెరకు ట్రాక్టర్ ఎదురొచ్చింది. నాయిన పక్కకు తిప్పేసరికి పొలం కంచె తీగ ఎడమ తలుపును బర్రున గీరేసింది. జానెడు గీత... లోపలి రేకు కనిపించేంత లోతు.

సోమవారం పొద్దున పెద్దనాయిన కారు కోసం వస్తాడు. గీత చూస్తే మళ్లీ మాటలు బంద్ అవుతాయని నాయిన భయం.

"షెడ్డుకు ఇయ్యరాదు?" అంది అమ్మ ఆదివారం పొద్దున.

"ఐతారం షెడ్డు ఎవడు తెరుస్తడు? అయినా ఫ్యాక్టరీల నేను చేసే పనేంది? మిషన్లకు రంగులేసేటోనికి తలుపొక లెక్కనా?"

లెక్కే అయింది...

ఇంటికి సున్నాలేసినప్పుడు మిగిలిన లప్పం తీసి గీతలో కూరాడు. "అది గోడలకు పెట్టేది," అని అమ్మ చెప్తూనే ఉంది. ఎండలో ఆరి, వేలు తగలగానే అప్పడంలా విరిగి రాలింది. మళ్లీ బజారంతా తిరిగి కార్లకు పెట్టే లప్పం తెచ్చాడు. అది ఆరాక గరుకు కాగితంతో రుద్దడం... నేను చెంబుతో నీళ్లు పోయడం. రుద్దినకొద్దీ చుట్టూ ఉన్న మంచి రంగు కూడా పోతోంది. జానెడు గీత కాస్తా పళ్లెమంత మచ్చయింది!

"చాలు నాయినా!" అంటే, "నువ్వు నీళ్లు పొయ్యి," అంటాడు.

సాయంత్రం రంగేశాడు. తెలుపంటే ఒక్కటే అనుకునే వయసు నాది. కారుదేమో మజ్జిగ తెలుపు, నాయిన తెచ్చిందేమో సున్నపు తెలుపు. ఇప్పుడు కాలేజీలో ధవళం, శ్వేతం, పాండురం అని ఇష్టంగా నేర్చుకుంటుంటే, ప్రతి మాటకూ ఆ తలుపే గుర్తొస్తోంది.

ఇంకో బాధ... మా వైపు రాత్రయితే ఫ్యాక్టరీల మసి రాలేది. ఆరేసిన తెల్లచొక్కా మీద పొద్దునకు నువ్వులు చల్లినట్టుండేది. తడి రంగు మీద ఆ చుక్కలు పడకూడదనే, మేం నిద్రపోయాక నాయిన దోమతెర ఊడదీశాడు.

మసి పడలేదు. కానీ మంచు పడింది... తడిసిన తెర బరువెక్కి తలుపు మీద వాలి అతుక్కుంది. పొద్దున నాయిన లాగితే చర్రున ఊడింది. తలుపు మీద దోమతెర గళ్లన్నీ అచ్చు దిగాయి!

అప్పుడే గేటు చప్పుడు. పెద్దనాయిన వచ్చి, ఆ గళ్లను వేలితో తడిమాడు. నాయిన తల ఎత్తలేదు.

"ఏందిరా తమ్మీ... నా కారుకు అమ్మోరు పోసిందా?"

అమ్మే చెప్పింది. "దోమలు కుట్టకుండ తెర కట్టిండు బావా! నా పిల్లల్ని జూడు, ఎట్ల దద్దుర్లొచ్చినయో!"

పెద్దనాయిన మా చేతులు చూశాడు, తలుపు చూశాడు... పొట్ట పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. "ఛాయ్ పెట్టు, తాగే పోత," అన్నాడు. రెండేళ్ల తర్వాత మా ఇంట్లో ఆయన తాగిన మొదటి ఛాయ్ అది.

ఆ కారు అమ్మేదాకా తలుపు అట్లాగే ఉంది. అడిగినవాళ్లందరికీ పెద్దనాయిన "మా తమ్ముడు పెద్ద పెయింటర్," అని నాయిన పరువు తీసేవాడు... రంగు మాత్రం మార్పించలేదు.

ఇప్పుడు ఫోన్ చేస్తే మనిషే ఇంటికొచ్చి, గీత జాడ లేకుండా చేసి పోతాడు. వచ్చిందెవరో, పోయిందెవరో కూడా గుర్తుండదు...

మీ ఇంట్లో "నేనే చేస్తా" అని పట్టుబట్టి ఎవరు ఏం పాడు చేశారో, మీరూ కింద రాయండి.

అన్నట్టు, పెద్దనాయిన కొత్త కారుకు నిన్న గేటు గీరుకుందట. షెడ్డుకు కాదు, నాయినకే ఫోన్ చేశాడు! రేపు పొద్దున్నే నాయిన, నేను సంగారెడ్డిలో పెద్దనాయిన ఇంటికి పోతున్నాం. గరుకు కాగితాలు ఇప్పటికే సంచిలోకి ఎక్కాయి. అమ్మ మాత్రం దోమతెర బీరువాలో పెట్టి తాళం వేసింది...