సత్తెమ్మ చూడని పాపికొండలు

2022 చలికాలం. ఖమ్మంలో ఒక ప్రైవేటు దవాఖానాలో నేను డయాలసిస్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. కిడ్నీలు చేయలేని పనిని మిషన్ చేత చేయించడం మా డ్యూటీ. రక్తాన్ని గొట్టాల్లోంచి బయటికి తీసి, శుభ్రం చేసి, మళ్లీ ఒంట్లోకి పంపుతాం. వారానికి మూడుసార్లు, వచ్చినప్పుడల్లా నాలుగు గంటలు. అంతసేపు పక్కనే ఉంటాం కాబట్టి మా పేషెంట్ల సంగతులు వాళ్ల చుట్టాలకన్నా మాకే ఎక్కువ తెలుస్తాయి.

వెంకటయ్యగారిది తిరుమలాయపాలెం దగ్గర ఒక పల్లె. పత్తి, మిర్చి వేసే రైతు. అరవై దాటాయి. ప్రతిసారీ భార్య సత్తెమ్మ వెంట వచ్చేది. లోపలికి రానివ్వం గనుక వరండాలో కూర్చునేది. ఆయన బయటికి రాగానే చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించేది.

ఒకరోజు నేను సూది పెడుతుంటే ఆయన అడిగారు. "అమ్మా, మా ఊరోళ్లు బండి మాట్లాడుకొని పాపికొండలు పోతున్నరు. నన్ను పోనిస్తరా?"

"అక్కడేం చూద్దామని?"

"ఎప్పుడు పోయినా భద్రాచలం దాకనే. దర్శనం చేసుకునుడు, జల్దీ ఇంటికొచ్చుడు. ఆడికెళ్లి ఇంకింత దూరం పోతే గోదారి రెండు గుట్టల నడుమ సన్నగ అయితదంట. ఒక్కసారి చూడాలె."

అడిగినంత తేలిక కాదు. శుక్రవారం డయాలసిస్ అయితే మళ్లీ సోమవారమే. ఆ మధ్యలో తాగిన నీళ్లు ఒంట్లోనే నిలుస్తాయి, ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరుగారు ఆలోచించి, స్టాఫ్‌లో ఒకరు తోడుంటే వెళ్లమన్నారు. నేనూ పాపికొండలు చూడలేదు. సెలవు రోజే కదా అని ఒప్పుకున్నాను.

"సత్తెమ్మగారు కూడా వస్తున్నారుగా?"

"ఆమెకెందుకమ్మా? బర్రెలను ఎవరు చూస్తరు?"

బయట సత్తెమ్మకు చెప్తే, "అయ్యో, నేనేడ వస్త? మీరు పోయి రాండ్రి. నీళ్లు ఎక్కువ తాగనియ్యకు బిడ్డా" అంది.

ఊరివాళ్ల బండిలోనే శనివారం రాత్రికి భద్రాచలం చేరి, ఆదివారం పొద్దున రేవుదాకా వెళ్లి లాంచీ ఎక్కాం. మొదట అంతా మంచు, గట్టు కూడా కనబడలేదు. ఎండ ఎక్కేకొద్దీ కొండలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. దగ్గరివి పచ్చగా, వాటి వెనకవి నీలంగా, ఇంకా వెనకవి పొగలాగా. వెదురు పొదలు నీళ్ల అంచుదాకా వంగి ఉన్నాయి. ఇదంతా నేషనల్ పార్కు అని మైకులో చెప్తున్నారు. వెంకటయ్యగారు కుర్చీలో కూర్చోనే లేదు. రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు. గొంతు ఎండినప్పుడల్లా నేను సీసా మూతతో నీళ్లిస్తే, మారు అడక్కుండా తాగారు.

కొండలు రెండు పక్కలా దగ్గరికి వచ్చేసరికి లాంచీలో గోల తగ్గింది. అంత పెద్ద గోదారి ఒక సందులోకి దూరినట్టుంది. ఆయన అటే చూస్తూ, చెయ్యి వెనక్కి చాపి నా మోచెయ్యి పట్టుకుని, "ఇగ చూడవే, నీళ్లు కదులుతున్నయా, గుట్టలు కదులుతున్నయా?" అన్నారు. అని ఇటు తిరిగారు. నన్ను చూసి చెయ్యి వదిలేశారు.

"ఏమనుకోకు బిడ్డా. ఆమె అనుకున్న."

"పర్లేదు లెండి."

"గిన్నేండ్లాయె పెండ్లయి. వస్తవా అని ఒక్కమాటన్న అడుగలే."

ఆ తర్వాత కొండలు ఇంకా బాగున్నాయి. ఆయన మాత్రం కూర్చుండిపోయారు. మధ్యాహ్నం అన్నం కూడా సగం వదిలేశారు.

సోమవారం వచ్చినప్పుడు, "సత్తెమ్మగారికి అన్నీ చెప్పారా?" అని అడిగాను.

"ఏం చెప్పాల్నో తెల్వలే. నీళ్లు, గుట్టలు, చెట్లు అన్న. మన చెరువుకాడ లేవా అనుకుంట పాలు పిండనీకి పోయింది." నవ్వబోయి ఆగిపోయారు. "ఈసారి బర్రెలను పక్కింటోళ్లకు అప్పజెప్పి తోలుకపోత."

నెల తిరక్కుండానే ఆయన ఫిస్టులా మూసుకుపోయింది. ఫిస్టులా అంటే సూదులు పెట్టడానికి వీలుగా చేతిలో ఆపరేషన్ చేసి పెద్దది చేసిన రక్తనాళం. అది పనిచేయక మెడలోంచి గొట్టం వేశారు. దానికి ఇన్ఫెక్షన్ వచ్చింది. ప్రయాణం మాట ఎత్తడానికి లేకపోయింది. తర్వాత ఎండలు. ఎండలు తగ్గాక వరద, లాంచీలు బందయ్యాయి. "నీళ్లు దిగినయా అమ్మా?" అని వచ్చినప్పుడల్లా అడిగేవారు. నీళ్లు దిగకముందే, ఒక తెల్లవారుజామున ఇంట్లోనే గుండె ఆగిపోయింది.

కొన్ని రోజులకు సత్తెమ్మ ఆయన వైద్యం కాయితాల కోసం దవాఖానాకు వచ్చింది. టీ ఇప్పించాను. ఉండబట్టలేక, "దీపావళి తర్వాత లాంచీలు నడుస్తాయి. నాతో రండి, మిమ్మల్ని నేను తీసుకెళ్తా" అన్నాను.

తల అడ్డంగా ఊపింది. "గుట్టలు చూడాలన్న ఆశ నాకు ఎన్నడు లేకుండె బిడ్డా. ఆయన రమ్మంటే పక్కన కూసుండి పోదామని ఉండె. అంతే."

టీ గ్లాసు పక్కన పెట్టి, కాయితాలు తీసుకుని వెళ్లిపోయింది.

ఇప్పటికీ పేషెంట్లు పెళ్లికనో తీర్థానికనో పర్మిషన్ అడుగుతారు. బరువు, బీపీ చూసి, నీళ్ల లెక్క చెప్పి పంపడం వరకే నా పని. కానీ ఇంకో మాట కూడా అడుగుతున్నాను, "ఇంట్లోవాళ్లను వస్తారా అని అడిగారా?" అని. కొందరు నవ్వుతారు. కొందరు నీకెందుకన్నట్టు చూస్తారు. చూసినా ఊరుకోను, మళ్లీ అడుగుతాను.