మా ఆవిడ ఇసుక అరణ్యం

అక్టోబరులో, వానలు ఊపందుకున్న వారంలో, మా అమ్మాయి ఆస్పత్రి నుంచి ఫోన్ చేసింది. "నానా, అమ్మ..." అని ఆగిపోయింది. ఆ తరవాతి మాట దానికి తెలుగులో తెలియదు. ఇంగ్లీషులో అనడానికి నోరు రాలేదు. "సరే, వస్తున్నాను" అన్నాను. నా భార్య పోయిన సంగతి అలా, ఎవరూ పూర్తిగా చెప్పకుండానే, నాకు తెలిసింది.

మన సంఘంలో చాలామందికి ఆమె సండే స్కూలు టీచరు. ఆమెను సాగనంపిన రోజు క్లాంగ్‌లో వానలో నిలబడ్డవాళ్లందరికీ నా కృతజ్ఞతలు. సంఘం సంచికకు ఆమె గురించి నాలుగు మాటలు రాయమని పాస్టరుగారు అడిగారు. ఆమె ఉంటే నవ్వేది. నా నోట నాలుగు మాటలు వరసగా వినడం ఆమెకు పండగ లాంటిది.

ఆమె పుట్టింది బంటింగ్ దగ్గర ఒక రబ్బరు ఎస్టేటులో. ఇప్పుడక్కడ ఫ్యాక్టరీలున్నాయి. అప్పట్లో కూలీల లైన్ ఇళ్లు దాటితే అడవే. వాళ్ల తాత ఆదివారం ప్రార్థన తరవాత పిల్లల్ని కూర్చోబెట్టి దేవుని జనం కథ చెప్పేవాడట. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లు నలభై ఏళ్లు అరణ్యంలో నడిచిన కథ. మన తెలుగు ప్రార్థనల్లో ఆ చోటుకున్న మాట అరణ్యమే. అరణ్యమంటే అడవి. అడవంటే ఇంటి వెనక ఉన్నది. అందుకని ఆమె ఊహలో దేవుని జనం వానలో తడుస్తూ, కాళ్లకు పట్టిన జలగలు పీక్కుంటూ, పులి అరుపుకు బెదురుతూ నడిచారు.

సండే స్కూల్లో పిల్లలకూ అదే చెప్పింది. వాళ్ల చేత గోడ మీద పెద్ద బొమ్మ వేయించింది. గుబురు చెట్లు, జలగలు, ఒక మూల పులి, మధ్యలో గడ్డాలవాళ్లు. ఎవరూ తప్పు పట్టలేదు. ఆంధ్ర నుంచి ఈ మలాయ్ నేలకు కూలికొచ్చిన మన అందరి తాతలూ అలాంటి అడవులు కొట్టి బతికినవాళ్లే కదా.

మేమిద్దరం రిటైరయ్యే ముందు సంవత్సరం ఆంధ్ర నుంచి ఒక పాస్టరుగారు వచ్చారు. గోడ ముందు ఆగారు.

"ఏమ్మా, వీళ్లు రబ్బరు తోటలో నడుస్తున్నారేంటి?"

"అరణ్యం గదండీ."

"అరణ్యమని రాశారు గాని, అక్కడ ఉన్నది ఇసుకమ్మా. చెట్టుండదు, చుక్క నీరుండదు."

ఆమె బొమ్మలోని గడ్డాలవాళ్ల వైపు తిరిగింది. "అయితే నలబయ్యేళ్లు నీడ లేకుండా నడిచినారా, పాపం" అంది.

కారులో నన్ను పట్టుకుంది.

"అది ఇసకని మీకు తెలుసా?"

"తెలుసు."

"మరి ఇన్నేళ్లూ సెప్పలేదేటి?"

"నువ్వు అడగలేదు."

"అడవిలో నడుస్తున్నోళ్లు ఇసకలో నడుస్తున్నారేటని ఎవురైనా అడుగుతారేటండీ!"

ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉంది. మర్నాటి నుంచి ఆమెకు ఒకటే కోరిక. ఆ ఇసుక అరణ్యాన్ని కళ్లారా చూడాలి.

దాన్ని తెలుగులో ఎడారి అంటారని చెప్పాను. ఆమెకు నచ్చలేదు. "ఎడారి అంటే ఎవురూ లేనట్టుంది. అరణ్యమంటే ఎవురో నడుస్తున్నట్టుంది" అంది. మా ఇంట్లో ఆ మాటే స్థిరపడింది.

నేను పోర్ట్ క్లాంగ్‌లో షిప్పింగ్ ఆఫీసులో పనిచేశాను. ఆమె చిన్నపిల్లల బడిలో టీచరు. ఇద్దరం రిటైరయ్యాక సంఘంవాళ్లతో కలిసి ఆ పుణ్యభూమికి వెళ్లాలనుకున్నాం. పాస్‌పోర్టులు కొత్తవి తీసుకున్నాం. ప్రయాణానికి ముందు చేయించిన రక్తపరీక్షలో ఆమె మూత్రపిండాలు దాదాపు పనిచేయడం లేదని తేలింది. షుగరు లోలోపల తన పని తాను చేసుకుపోయింది. వారానికి మూడుసార్లు డయాలిసిస్ అని డాక్టరమ్మ చెప్పింది. ఎక్కడికెళ్లినా ఎల్లుండికల్లా తిరిగి ఆ కుర్చీలో కూర్చోవాలి.

ఆస్పత్రి నుంచి ఆమెను కారెక్కించుకుని బయలుదేరాను. సిగ్నల్ దగ్గర లారీల వెనక ఆగినప్పుడు అడిగింది. "ఎల్లుండి లోపల పోయొచ్చే ఇసక మన దేశంలో లేదేటి?"

వెతికాను. ఉంది.

మొదటిది కువాలా సెలాంగోర్ వైపు, ఒకప్పుడు తగరం తవ్వి వదిలేసిన భూమి. తెల్లటి ఇసుక, మధ్యమధ్య పచ్చటి నీటి గుంటలు. అది డిసెంబరు, బడులకు సెలవులు, ఊరంతా షాపింగ్ మాల్స్‌లో దూది మంచు చుట్టిన చెట్ల దగ్గర ఫొటోలు దిగుతోంది. మేము ఒక ప్లాస్కు, గొడుగు, రెండు మడత కుర్చీలు పట్టుకుని ఇసుకలోకి వెళ్లాం. ఆమె చెప్పులు విప్పి కాలు పెట్టి, వెంటనే ఎగిరి, మాట చివర ఈ దేశపు 'లా' తగిలించి అరిచింది.

"కాలింది లా! నలబయ్యేళ్లు ఎలగ నడిచినారు?"

"వాళ్లకి చెప్పులు ఉన్నాయట. అరిగిపోలేదట."

"ఇది ముందే సెప్పొచ్చు గదా!"

ఆ ఏడాది క్రిస్మస్‌కు ఇంట్లో అమర్చే పశువుల పాకలో ఎప్పటిలా అడవి నాచు, ఆకులు పరచలేదు. ఒక ఖాళీ మైలో పొడి డబ్బా నిండా తెచ్చిన తెల్ల ఇసుక పరిచింది. అంచున మాత్రం ఇక్కడి అడవుల్లో పెరిగే పాకు మొక్క చిన్నది ఒకటి గుచ్చింది. ఎందుకని అడిగాను. "మా తాత కూడా ఎక్కడో నిలబడాల గదా" అంది. సండే స్కూలు బొమ్మనూ చెరపలేదు. పక్కన ఇంకో బొమ్మ వేయించింది, ఉత్త పసుపు రంగుతో. "ఇది వాళ్ల అరణ్యం, అది మన అరణ్యం" అని పిల్లలకు చెప్పేది.

తరవాత ఏటా సెలవుల్లో మలాకా తీరాన క్లెబాంగ్ వెళ్లేవాళ్లం. సముద్రాన్ని పూడ్చడానికి పోసిన ఇసుక గాలికి దిబ్బలై నిలిచిపోయిన చోటది. అక్కడివాళ్లు నవ్వుతూ దాన్ని సహారా అంటారు. మేము శుక్రవారం డయాలిసిస్ అయ్యాక శనివారం ఉదయం బయలుదేరేవాళ్లం. అదొక్కటే ఆమెకు కాస్త ఓపిక ఉండే రోజు. "నిన్న కడిగి ఆరేసినారు గదా, ఇయ్యాల ఇస్త్రీ సొక్కాలాగున్నాను" అని ముందు సీట్లో కూర్చునేది.

ఆ జబ్బులో పెద్ద కష్టం సూదులు కాదు, దాహం. రోజుకు తాగాల్సిన నీరు కొలిచి ఇస్తారు. ఎండలో అది మరీ కష్టం. నేను గాబరాపడితే, "అరణ్యంలోకి వచ్చి దాహమేస్తాదంటే ఎలగండీ? వాళ్లకీ ఇలగే వేసుంటాది. ఇప్పుడు నాకు కత బాగా తెలుస్తోంది" అనేది. మాటలో ఫిర్యాదు ఉండేది కాదు. పాఠం అర్థమైన పిల్లలా ఉండేది.

క్లెబాంగ్‌లో ఇసుక ఎంత పేరో, కొబ్బరి షేక్ అంత పేరు. లేత కొబ్బరి, ఐసు కలిపి తిప్పి, పైన ఐస్‌క్రీమ్ వేసి ఇస్తారు. ఆమెకు కొబ్బరంటే ప్రాణం. డాక్టరమ్మ ఒక్క చుక్క కూడా వద్దంది. అందులో ఉన్న పొటాషియం ఆమె గుండెను ఆపేయగలదట. మొదటిసారి నేను షేక్ అమ్మే బండి దాటి నడిచాను. ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"మీరు తాగండి."

"నాకొద్దు."

"నాకోసం తాగండి. తాగి, ఎలగుందో సెప్పండి."

తాగాను. "బాగుంది" అన్నాను.

"బాగుంది అంటే ఏటండీ? మన పెళ్లిరోజు పందిట్లో కూడా అదే అన్నారు. ముందు ఏటి తెలుస్తాది, తరవాత ఏటి తెలుస్తాది, సక్కగా సెప్పండి."

మళ్లీ తాగి చెప్పాను. ముందు చల్లదనం పంటికి తగులుతుందన్నాను. తరవాత తీపి. ఆ తరవాత, మింగాక, నాలుక మీద కొబ్బరి మిగులుతుందన్నాను.

కళ్లు మూసుకుని విన్నది. "పచ్చి కొబ్బరా, కాసిన కొబ్బరా?"

"పచ్చిదే."

"పలుకులు ఉన్నాయా?"

"చిన్నవి."

"ఆ," అంది. తాగినంత తృప్తిగా.

బండి నడిపే మలాయ్ ఆవిడను మేము 'కాక్' అని పిలిచేవాళ్లం, అక్క అన్నట్టు. మా వ్యవహారం చూసి ఆమెకు విషయం తెలిసిపోయింది. వాళ్లమ్మకీ అదే జబ్బు. అప్పటినుంచి నాకు షేక్, మా ఆవిడకు చిన్న గ్లాసులో రెండు ఐసు ముక్కలు, అడగకుండానే వచ్చేవి. ఒక ముక్క బుగ్గన పెట్టుకుని, నా మాటలు వింటూ, ఆమె తన అరణ్యాన్ని చూసుకునేది. పెళ్లి ఫొటోలకు వచ్చిన జంటలు, గాలిపటాలు ఎగరేసే పిల్లలు, ఇసుకలో కూరుకుపోయిన మోటర్‌సైకిల్‌ను తిట్టుకుంటూ నెట్టే కుర్రాళ్లు. "ఇంతమంది నడుస్తుంటే అరణ్యం ఎంత కళగుందో" అనేది.

ప్రతి ఏడాదీ నా వర్ణన కొంచెం పొడవు పెరిగేది. మా అమ్మాయి ఒకసారి మాతో వచ్చి విని, "నానా, యూ కెన్ టాక్ లా!" అని ఆశ్చర్యపోయింది.

"ఆరికి కొబ్బరి పడాల, మాట వస్తాది" అంది వాళ్లమ్మ.

నిరుడు డిసెంబరుకు ఆమె బాగా చిక్కిపోయింది. వద్దన్నాను. "ఇసక నా దగ్గరకు రాదు గదండీ" అంది. వెళ్లాం. చక్రాల కుర్చీ ఇసుకలో పది అడుగులు కూడా కదల్లేదు. దిబ్బ కింద, బండి నీడలో కూర్చోబెట్టాను. గాలికి ముసుగు సర్దుకుని, "మీరు ఎక్కండి. అవతల ఏటుందో సెప్పండి" అంది.

ఎక్కాను. అవతల ఇసుక ఉంది, దూరంగా సముద్రం ఉంది. మధ్యలో ఒక ఎస్కవేటర్ దిబ్బను చదును చేస్తోంది.

"ఏటుందండీ?"

"ఇసుక. సముద్రం దాకా ఇసుకే."

"ఎవురైనా నడుస్తున్నారా?"

ఒక పెళ్లికూతురు గౌను రెండు చేతులా ఎత్తిపట్టుకుని, వరుడి కంటే ముందు నడుస్తోంది. "నడుస్తున్నారు" అని చెప్పాను. గౌను సంగతీ చెప్పాను. వరుడు వెనకబడ్డాడనీ చెప్పాను. కింద ఆమె నవ్వడం కనిపించింది.

తిరుగు ప్రయాణంలో ఆయర్ కెరోహ్ దాటాక, నిద్రపోతోందనుకున్న మనిషి కళ్లు తెరవకుండానే అంది. "ఆ ఇసక తవ్వే బండి సప్పుడు నాకు ఇనిపించింది లెండి. ఇసకైతే ఉంది గదా. సాలు."

ఈ డిసెంబరులో నేను వెళ్లకూడదనే అనుకున్నాను. మా అమ్మాయి పాక అమర్చడానికి వచ్చి, మైలో డబ్బా తీసి చూసింది. అడుగున కొంచెం ఇసుకే ఉంది. "నానా, సాండ్ లేదు" అంది. శనివారం పొద్దున బయలుదేరాను. ముందు సీట్లో డబ్బా పెట్టాను.

దిబ్బ సగానికి తగ్గింది. కాక్ బండి అక్కడే ఉంది. నన్ను చూసి చెయ్యి ఊపింది. "ఆంటీ మానా?" అని అడిగింది. ఆంటీ ఏదీ అని.

"తడా" అన్నాను.

మలాయ్‌లో అంటే లేదు అని. ఈ రోజు రాలేదన్నా అదే మాట, ఇక లేదన్నా అదే మాట. మన తెలుగులోనూ అంతే. కాక్ మొదటిదే అనుకుంది. నాకు దిద్దబుద్ధి కాలేదు. షేక్ ఇచ్చి, చిన్న గ్లాసులో రెండు ఐసు ముక్కలు వేసి, మూత బిగించి అందించింది. ఆంటీకి పట్టుకెళ్లు, కరిగేలోపు వెళ్లు అంది.

రెండు గ్లాసులూ పట్టుకుని దిబ్బ ఎక్కాను. మడత కుర్చీ తేలేదు. ఇసుక మీదే కూర్చున్నాను. షేక్ తాగి, పైకే చెప్పాను. ముందు చల్లదనం. తరవాత తీపి. పచ్చి కొబ్బరే. ఈసారి పలుకులు కొంచెం పెద్దవి.

డబ్బా నింపుకున్నాను. చిన్న గ్లాసు మూత తీసి, ఐసు ముక్కలు రెండూ పక్కన ఇసుక మీద పెట్టాను. ఎండకు అవి కాసేపు మెరిశాయి. అంచులు గుండ్రబడ్డాయి. ఒక్క చుక్క కూడా పక్కకు పారలేదు. కరిగినంతా కరిగినట్టే ఇసుక తాగేసింది. కాసేపటికి అక్కడ అరచేయంత నల్లటి తడి మిగిలింది.