బొట్టు పెట్టిన ట్వీటర్

మా వైపు పెళ్ళిళ్ళలో మోగే సౌండు డబ్బాలంటే నాకు రోత. పాట వినబడదు, పొట్ట అదురుతుంది. ఆ మోతనే సంగీతం అనుకునే జనం మధ్య చెవులున్నవాణ్ణి నేనొక్కణ్ణే అని ముప్పయ్యేళ్ళు విర్రవీగాను. కోటబొమ్మాళిలో బియ్యం వ్యాపారం చేసే మా బావ ఖరీదైన స్పీకర్లు కొనాలనుకుని నన్నే అడిగాడు. గాడిదకేం తెలుసు గంధంపొడి వాసన అని లోపల అనుకుంటూనే ఎంచిపెట్టాను.

కింద బరువు శబ్దాలకు కాగితం గుజ్జులో కార్బన్ నార కలిపి చేసిన కోను. పైన సన్నటి శబ్దాలకు ట్వీటర్, దాని మధ్య బోర్లించిన గిన్నెలా ఉండే డోమ్ గుడ్డది కాదు, పలుచటి అల్యూమినియంది. తేలిగ్గా, బిగువుగా ఉంటుంది కాబట్టి కదలమన్నప్పుడు కదులుతుంది, ఆగమన్నప్పుడు ఆగుతుంది. ఇదంతా బావకు పదిసార్లు చెప్పి విసిగించాను.

స్పీకర్లు వచ్చిన వారానికి వెళ్ళాను. ముందు గదిలో జాలీలు తొడిగి ఉన్నాయి. నేను తెచ్చుకున్న వయొలిన్ కచేరీ పెట్టి కళ్ళు మూసుకున్నాను.

"విన్నావా బావా, తీగ మీద కమాను రాసుకోవడం కూడా తెలుస్తోంది. రెండు పక్కలా ఎంత సమంగా ఉందో! అదీ లోహం మహిమ."

వంటింట్లోంచి అక్క వచ్చింది.

"ఒరే, ఎడం పెట్టె మూలుగుతున్నాదేటిరా? కుడిదాన్లాగ గలగల్లాడ్డం లేదు."

"నీకు సీరియళ్ళు చాలు, దీని సంగతి నీకేం తెలుసు" అని కసిరాను.

అక్క ఎడమ పెట్టె జాలీ ఊడదీసింది. ట్వీటర్ మీద పసుపూ కుంకుమా. డోమ్ లోపలికి కుంగిపోయి, మధ్యలో బొటనవేలి గుంట.

"కొత్త సామానుకి బొట్టెట్టాల కదా! రాలిపోకండా నొక్కినాను" అన్నాడు బావ. "కుడిదానికి మీ అక్క ఎట్టింది, సెక్క మీద."

కుంగిన డోమ్ వెనక, దాన్ని కదిపే తీగచుట్ట ఇరుక్కుపోయింది. ఆ ట్వీటర్ అసలు మోగడమే లేదు. మోగనిదానికి నేను కితాబిచ్చాను. ఛీ! బావ మీదికి పోవలసిన అసహ్యం తిన్నగా నా మీదికే వచ్చింది.

కుడి ట్వీటరైనా సరిగా విందామని దానికి చెవి ఆనించాను. సన్నగా ఏదో ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. రెండో చెవి పెట్టాను. అదీ అంతే.

"అది బాగానే మోగుతున్నాది కదరా?" అక్క గుమ్మం దగ్గర నుంచి అడిగింది. అంత దూరానికి ఆవిడకు వినిపిస్తోంది.

"ఆఁ, బ్రహ్మాండంగా" అన్నాను. ఆ మాటన్న నా నోరంటే నాకే రోత పుట్టింది.