పరీక్షలకు వచ్చే పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందన్న కబురు పోయిన వారం మా డాక్టర్ల వాట్సాప్ గ్రూపులో చూశాను. దాని కింద మొదటి జవాబు: "అయ్యో, ఈ ఏడు పరీక్షలకి గుండె కేసు ఎక్కణ్ణుంచి తెస్తాం?" నవ్వు బొమ్మలు పెట్టినవాళ్ళూ ఉన్నారు.

ఆమె మాకెవరికీ చుట్టం కాదు. సత్తెనపల్లి అవతల పల్లెలో మిరపకాయలకు తొడిమలు తీసే కూలిమనిషి. చిన్నప్పటి కీళ్ళజ్వరం గుండెకు పాకి ఒక కవాటం బిగుసుకుపోయింది. మా పాత పెద్దాసుపత్రిలో వైద్యవిద్యార్థులకు పరీక్షలు జరిగినప్పుడల్లా, రోగిగా పడుకోవడానికి ఆమెకు కబురు వెళ్ళేది. ఆ గుండెలో రొద అంత స్పష్టంగా వినపడేది. మా ప్రొఫెసర్ కూడా ఒకప్పుడు ఆ గుండె వినే పాసయ్యారు. ఆ ఆసుపత్రి చరిత్ర ఎవరైనా రాస్తే, గోడల మీద ఫోటోలున్న సార్లందరూ అందులోకి వస్తారు. ఆమె రాదు. అందుకే ఈ నాలుగు మాటలు.

నా పరీక్షరోజు స్టెతస్కోపు పెడితే ఏమీ వినపడలేదు. ఎగ్జామినర్ పక్క మంచం దగ్గరున్నారు. పెద్దమ్మ పెదాలు కదలకుండా అంది: "నన్ను ఎడం పక్కకి తిరగమను నాయనా. అప్పుడు ఇనపడుద్ది."

తిరగమన్నాను. వినపడింది. పాసయ్యాను.

"గొట్టం చల్లగా ఉంటది, అరచేత్తో రుద్ది పెట్టు" అని నేర్పిందీ ఆమే. ఇప్పటికీ అలాగే పెడతాను.

తర్వాత అదే వార్డులో జూనియర్ డాక్టరుగా చేరాను. అప్పటికి ఆమెకు ఆయాసం ముదిరింది. ఆపరేషన్‌కి తేదీ కూడా దొరికింది. ప్రొఫెసర్ నన్ను పిలిచారు. "పరీక్షలు నెల్లోకొచ్చాయి. కవాటం బాగైతే ఆ శబ్దం పోతుంది. పరీక్షలయ్యాక ఆపరేషన్ చేయిద్దాం, వెళ్ళి చెప్పు."

నేను వెళ్ళి చెప్పాను.

"అట్టాగే కానీ నాయనా. పిల్లల చదువు గదా" అంది.

పరీక్షలయ్యాయి. మళ్ళీ తేదీ దొరికేలోపే గుండెలో గడ్డకట్టిన రక్తం మెదడుకెక్కి కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి. మరుసటి ఏడు ఆమెను మళ్ళీ తెచ్చారు. "ఒకే మంచం మీద రెండు కేసులు" అని ప్రొఫెసర్ ముచ్చటపడ్డారు. ఒక విద్యార్థిని భయపడుతూ ఆమె గుండె మీద గొట్టం ఆనించింది. పెద్దమ్మ ఏదో చెప్పబోయింది. చొంగ కారింది. ఆ అమ్మాయి మొహం తిప్పుకుంది. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

మొన్న వాళ్ళ ఊరు వెళ్ళాను. కూతురు మిరపకాయల కుప్ప ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది.

"రండి డాక్టరుగారూ. ఇన్నేళ్ళు పిలిపించుకుని మరీ వైద్యం చేశారు. మా అమ్మ ఆయుష్షు అంతే, మీరేం చేస్తారు" అంది.

పిలిపించింది వైద్యానికి కాదని చెప్పాను. ఆపరేషన్ ఎందుకు ఆగిందో చెప్పాను. ఆగమని వాళ్ళమ్మతో అన్నది నేనేనని కూడా చెప్పాను.

ఆమె చేతులు ఆగాయి. కాసేపటికి మళ్ళీ కదిలాయి. మిరప ఘాటుకు నాకు దగ్గు తెరలుతెరలుగా వచ్చింది. ఆమె తలెత్తకుండా, మూలనున్న నీళ్ళకుండను గడ్డంతో చూపించింది.

తను మాత్రం లేవలేదు.