గొర్రెలను తూచిన రోజులు

మొన్న రాజమండ్రిలో మా అల్లుడిగారింట్లో పేపరు తిరగేస్తుంటే, గొర్రెల ఫారాలు మేతనీ నీటినీ మనుషుల శ్రమనీ ఎంత బాగా వాడుకుంటున్నాయో కొలుస్తున్నారన్న వార్త కంటపడింది. చేతిలో కాఫీ చల్లారిపోయింది. పశువుల శాఖలో ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను చేసిన పని అదే మరి.

తుని చుట్టుపక్కల మెట్ట ఊళ్ళలో కొన్ని మందలను ఎంచుకుని, ఏ మందకు ఎంత మేత పడుతోంది, ఎందరు కూలీలు కావలసి వస్తున్నారు, గొర్రెపిల్లలు ఎంత బరువు పెరుగుతున్నాయి అన్నది చూసేవాళ్ళం. గొర్రెపిల్లను గోనెసంచిలో పెట్టి త్రాసు కొక్కేనికి తగిలిస్తే, పాపం, బిక్కమొహం వేసుకుని వేలాడేది. అన్నిటిలోకీ ఒక భార్యాభర్తల మంద ముందుండేది. ఖర్చు తక్కువ, ఎదుగుదల ఎక్కువ. మా ఆఫీసరుగారు మురిసిపోయి, మిగతా పెంపకందార్లకు దాన్నే చూపించేవారు.

అందులో మాయేమీ లేదు. ఆ ఇల్లాలు తెల్లవారకముందే కొండవాలుకు పోయి గడ్డి కోసుకొచ్చేది, నీళ్ళు మోసేది, కుంటివాటిని ఒళ్ళోకి తీసుకుని గిట్టలకు మందు రాసేది. కూలి ఇవ్వని పని గనుక ఇంటి మనిషి శ్రమ లెక్కలోకి రాదని పైనుంచి మాకు చెప్పారు.

ఆ వానాకాలం గడ్డి కోస్తుండగా ఆవిడను పాము కరిచింది. నులకమంచం మీద మోసుకొచ్చి రోడ్డెక్కించేసరికే ప్రాణం పోయిందట.

ఆ సంగతి తెలియక మేము మామూలుగానే తూకానికి వెళ్ళాం. గొర్రెల డొక్కలు పీక్కుపోయి ఉన్నాయి.

“ఏంటయ్యా, మేత తగ్గించేశావా?” అన్నారు ఆఫీసరుగారు.

“లేదండి. కూలోళ్ళని పెట్టి గడ్డి కోయిస్తన్నానండి. మందులూ ఏయిస్తన్నానండి. మా ఆడమనిషి పోయిందండి,” అని ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆఫీసరుగారు త్రాసు దించేయమన్నారు. ఆ రోజు మేము ఒక్క గొర్రెనీ తూచకుండా తిరిగొచ్చేశాం. రిపోర్టులో మాత్రం, కూలి ఖర్చు పెరిగినందువల్ల ఆ మంద వెనకబడిందనే వెళ్ళింది. కొన్నాళ్ళకు ఆ గొర్రెలాయన మందంతా బేరగాళ్ళకు అమ్మేసి, తణుకు వైపు చెరుకు కొట్టే పనికి వెళ్ళిపోయాడని విన్నాను. ఆ తర్వాత కబురు లేదు.

ఇప్పుడు ఇంటి ఆడవాళ్ళ పనినీ లెక్కకడుతున్నారట. సంతోషమే. అయితే ఆ కొండవాలు నిండా ఇప్పుడు కంచెలు వేసిన తోటలే. గడ్డి కోసుకునే చోటూ లేదు, కోసే మనిషీ లేదు. గొర్రెలు షెడ్లలోనే పుట్టి, ఎవరి ఒళ్ళూ ఎరగకుండా పెరిగి, లారీ ఎక్కిపోతున్నాయి.